క్యారెట్ దుంపలోంచి వచ్చిన తెర

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి గేమింగ్ మానిటర్ అడగండి. షాపు కుర్రాడు తెర కంటే ముందు అట్టపెట్టె చూపిస్తాడు. 1 ఎంఎస్, 144 హెర్ట్జ్, ఐపీఎస్ అని గడగడా అప్పజెప్తాడు. అవన్నీ గొప్పలని మనం అనుకుంటాం. నిజానికి అవి మందుల పేర్లు. జబ్బేమో తెరకు పుట్టుకతో వచ్చింది.

ఆ పుట్టుక 1888లో, ప్రేగ్ నగరంలో. ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త క్యారెట్ నుంచి తీసిన కొలెస్టరాల్ సమ్మేళనాలను వేడిచేసి చూస్తున్నాడు. వాటిలో ఒకటి 145.5 డిగ్రీల దగ్గర కరిగింది కానీ మజ్జిగలా మసగ్గా ఉండిపోయింది. 178.5 డిగ్రీలకు చేరాక గానీ తేరుకోలేదు. ఒకే పదార్థం రెండుసార్లు కరగడమేమిటో తేలక ఆయన ఒట్టో లేమన్ అనే భౌతికశాస్త్రవేత్తకు ఉత్తరం రాశాడు. లేమన్ సూక్ష్మదర్శినిలో చూస్తే అది ద్రవంలా పారుతోంది, వెలుతురు దగ్గర మాత్రం స్ఫటికంలా నడుచుకుంటోంది. అదే ద్రవ స్ఫటికం, మన ఎల్‌సీడీలో మొదటి రెండక్షరాలు.

ఆ తర్వాత ఎనభై ఏళ్లు దానితో ఎవరికీ పెద్దగా పనిపడలేదు. 1968లో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థలో జార్జ్ హైల్మైయర్ బృందం దానితో తెర చేసి చూపించింది. అసలు మలుపు 1970లో స్విట్జర్లాండ్‌లో వచ్చింది. మార్టిన్ షాడ్, వోల్ఫ్‌గాంగ్ హెల్ఫ్రిక్ రెండు గాజుపలకల మధ్య అణువులను తాడు మెలిపెట్టినట్టు పేర్చారు. కరెంటు ఇస్తే మెలి విడిపోతుంది, వెలుతురు ఆగిపోతుంది. కరెంటు తీసేస్తే మళ్లీ మెలిపడాలి.

చిక్కంతా ఈ 'మళ్లీ' దగ్గరే ఉంది. మెలి విప్పడానికి కరెంటు తోస్తుంది. తిరిగి మెలిపడేటప్పుడు తోసేవాళ్లుండరు, అణువులు వాటంతటవే సర్దుకోవాలి. 1973లో షార్ప్ ఎల్‌సీడీ క్యాలిక్యులేటర్ తెచ్చినప్పుడు ఈ నిదానం ఎవరికీ పట్టలేదు. కూడికలో అంకె కాస్త ఆలస్యంగా మారితే కొంపేం మునగదు. అదే తెర 1988లో షార్ప్ చేతుల్లోనే 14 అంగుళాల రంగుల బొమ్మగా మారింది, తర్వాత బల్లమీద మానిటరైంది. అప్పుడు బయటపడింది రోగం. పాత డబ్బా మానిటర్‌లో చుక్క వెలిగి వెంటనే ఆరిపోయేది, కదలిక స్పష్టంగా కనిపించేది. బల్లపరుపు తెరల మీద పరుగెత్తే బొమ్మ వెనక తోక మిగిలేది. కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆటలో మొనగాళ్లు చాలాకాలం ఆ బరువైన డబ్బాను వదల్లేదంటే ఊరికే కాదు.

ఇక చికిత్సలు. మెలితిప్పిన పాతరకం పేరు టీఎన్. వేగం ఉంది కానీ పక్కనుంచి చూస్తే రంగులు మారిపోతాయి. దాన్ని సరిచేసిన పొరల్లో పళ్లెం ఆకారపు అణువులుంటాయి. అలాంటి అణువులూ ద్రవ స్ఫటికాలవుతాయని 1977లో కనిపెట్టింది బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందం. ఆయన సి.వి. రామన్ మేనల్లుడే. అయినా మన పుస్తకాల్లో ఆయన పేరు అంతగా కనపడదు, అదో విడ్డూరం. 1996లో హిటాచీ మార్కెట్లోకి తెచ్చిన ఐపీఎస్‌లో అణువులు పడుకునే తిరుగుతాయి. ఎటునుంచి చూసినా రంగు చెదరదు, నలుపు మాత్రం బూడిదరంగులోకి జారుతుంది. వీఏ రకానికి నలుపు చిక్కన, కానీ చీకటి దృశ్యాల్లో కదిలే నీడ అలుక్కుపోతుంది. చుక్క ఎంత త్వరగా రంగు మారుతుందో చెప్పే ఆ 1 ఎంఎస్ చాలాసార్లు అణువులను బలవంతంగా తోసి సాధించిన లెక్క. ఆ తోపు మితిమీరితే బొమ్మ అంచున తెల్లటి ఛాయ తేలుతుంది.

వీడియో సంగతి వేరు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే 60 హెర్ట్జ్ తెర మీద 24 సమంగా పట్టదు, కాబట్టి ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు పడుతుంది. కెమెరా మెల్లగా పక్కకు తిరిగే షాట్‌లో కుదుపు అందుకే. 120ని 24 అయిదుసార్లు, 144ని ఆరుసార్లు నిశ్శేషంగా భాగిస్తుంది. ఆటగాళ్ల కోసం తెచ్చిన వేగం సినిమా చూసేవాళ్లకూ అలా కలిసొచ్చింది.

నా మాట అడిగితే, లైటార్పి సినిమాలు చూసేవాళ్లకు వీఏ, మిగతా అందరికీ ఐపీఎస్. షాపులో వెలుతురు తగ్గించమని నల్లటి బొమ్మ పెట్టించి మూలల్లో వెలుతురు కారుతోందేమో చూడండి. ఇంటికి తెచ్చాక డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి చూడండి. 144కి డబ్బు కట్టిన తెర ఇంకా 60 మీదే నడుస్తూ ఉండొచ్చు.