మట్టి పొట్టేలు చెప్పే చరిత్ర

మేం యానాదులం. సింగరాయకొండ దగ్గర మా కాలనీ పక్కన ఒక చెరువు ఉండేది. వానలు వెనకబడ్డాక దాని బంకమట్టితో ఎద్దులు చేసేవాణ్ణి. గట్టిపడుతుందని ఒకనాడు ఒక ఎద్దును అమ్మ పొయ్యిలో పెట్టాను. అది టప్పున పేలింది. కూటికుండ నిండా పెళ్లలు, నా వీపు మీద రెండు దెబ్బలు.

ఎందుకు పేలిందో పంతులుగా పనిలో చేరాక తెలిసింది. మందపాటి మట్టిలో లోపలి తడి తొందరగా ఆరదు. నిప్పు తగిలితే ఆవిరవుతుంది. బయటికి దారి దొరక్క బొమ్మను బద్దలు కొడుతుంది. అందుకే పెద్ద బొమ్మను డొల్లగా చేసి, నీడలో ఆరనిచ్చి, మెల్లగా కాల్చాలి.

ఈ కిటుకు మన నేల మీది మనుషులకు రెండు వేల ఏళ్ల కిందటే తెలుసు. కడప జిల్లా శంఖవరంలో దొరికిన మట్టి శవపేటిక ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అది పెద్ద రాతి సమాధుల కాలం నాటిది. ఆకారం పొట్టేలుది. ముందు కొమ్ముల తల, కింద పొట్టి కాళ్లు, డొల్ల పొట్టలో చనిపోయినవారి ఎముకలకు చోటు. అంత పెద్దదాన్ని పగలకుండా కాల్చిన చేయి ఒక్కనాటిలో తయారయ్యేది కాదు. ఒక జీవితకాలపు అభ్యాసం అందులో ఉంది. ఆ మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు.

మన కాలంలో ఈ పనికే జీవితం ఇచ్చిన కళాకారుడు పి.ఆర్. దరోజ్. హైదరాబాద్‌లో కళ చదివి, బరోడాలో సిరామిక్స్ నేర్చుకుని, దశాబ్దాల పాటు స్తంభాలు, ద్వారాలు, గోడంత శిల్పాలు చేశారు. కుమ్మరి ఆవం వేడి సాధారణంగా వెయ్యి డిగ్రీల లోపే. స్టోన్‌వేర్ మట్టికి 1200 డిగ్రీలు దాటాలి. ఆరి, కాలేసరికి మట్టి సుమారు పదో వంతు కుంచించుకుపోతుంది. గోడంత శిల్పమైతే ముక్కలుగా చేసి, కాల్చి, అతకాలి. ఆ తరుగును ముందే లెక్కగట్టకపోతే ముక్కకు ముక్క కలవదు.

దరోజ్‌ను కళాకారుడన్నాం. అది న్యాయమే. మరి శంఖవరం మనిషిని? ఆ తర్వాత ఊరూరా మట్టి పిసికిన వాళ్లను? వాళ్లది కులవృత్తి అని, చేతిపని అని పక్కన పెట్టాం. రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి కాబట్టి పాఠాల్లోకి వచ్చాయి. శాసనం చెక్కించుకోలేని మాలాంటి వాళ్ల చరిత్ర వస్తువుల్లోనే వెతుక్కోవాలి.

ఇప్పుడు మా బడిలో పిల్లలు ఎద్దులు చేస్తారు. పొట్ట డొల్లగా ఉంచమంటాను. ఆరకముందే అడుగున పుల్లతో ఎవరి పేరు వాళ్లను గీయమంటాను.