కప్పులో కనపడని నలుసు



ఇంటికి నలుగురు వస్తున్నారంటే చాలు, కాగితపు కప్పుల దొంతర తెప్పించేస్తున్నాం. తాగి పారేయడమే, ఎంగిలి గొడవ ఉండదు. అసలు ఆ కప్పు పుట్టిందే ఎంగిలి గొడవలోంచి! అమెరికాలో ఒకప్పుడు రైళ్ళలోనూ, బడులలోనూ నీళ్ళతొట్టి దగ్గర ఒక్క లోటా పెట్టేవారు. వచ్చినవాళ్ళందరూ దానితోనే తాగాలి. మనలా మడీ తడీ లేకపోయినా, కంటికి కనపడని క్రిముల భయం వాళ్ళకూ పట్టుకుంది. బోస్టన్‌లో లారెన్స్ లూయెలెన్ అనే ఆయన 1907 ప్రాంతంలో కాగితపు కప్పు తయారుచేశాడు. 1909లో కాన్సాస్ రాష్ట్రం ఉమ్మడి లోటాను నిషేధించింది.

మొదట్లో ఆ కాగితానికి మైనం పూసేవారు. 1933లో ఇంగ్లండులో పాలిథిన్ కనిపెట్టారు. తరువాత తరువాత మైనం చోట దాని పల్చటి పొర వచ్చింది. ఇవాళ మన టీ కారిపోకుండా ఆపుతున్నది కాగితం కాదు, ఆ పొరే.

ఆ పొరనుంచి నలుసులు రాలతాయని ఎవరికి తెలుసు? కంటికి ఆనితే కదా! 1972లో ఎడ్వర్డ్ కార్పెంటర్ అనే శాస్త్రజ్ఞుడు అట్లాంటిక్ సముద్రంలో సన్నటి వల లాగి చూస్తే ప్లాస్టిక్ ముక్కలు పడ్డాయి. అవి వలకు చిక్కేటంతటివి. వల కన్నుల్లోంచి జారిపోయిన వాటి మాటేమిటి? సూక్ష్మదర్శినిలో చుక్క కనిపించినా, అది ప్లాస్టిక్కో, దూది పోగో, దుమ్మో ఎలా చెప్పడం?

అక్కడ అక్కరకొచ్చింది మన సి.వి. రామన్‌గారి విద్య. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో ఆయన కనిపెట్టినదేమిటంటే, ఒకే రంగు వెలుగు ఏదైనా పదార్థం మీద పడి చెదిరితే, అందులో రవ్వంత భాగం రంగు మారుతుంది. ఆ మార్పు ఏ పదార్థానిది దానిదే, మన వేలిముద్రల్లాగ. నలుసు మీద వెలుగు వేస్తే తన పేరు తానే చెప్పుకుంటుందన్నమాట. రామన్‌గారు పెరిగింది విశాఖపట్నంలోనే. తండ్రిగారు ఎ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. పదకొండో ఏటే మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారట. నాదీ మెట్రిక్యులేషనే, ఏ ఏటో మాత్రం అడక్కండి!

2020లో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో సుధా గోయెల్‌గారి బృందం కాగితపు కప్పులనే పరీక్షించింది. పొగలు కక్కే నీళ్ళు వంద మిల్లీలీటర్లు పోసి పావుగంట ఉంచితే, సుమారు 25,000 నలుసులు దిగాయి. పావుగంటంటే ఎంత, కబుర్లలో పడి కప్పు చేతిలో పట్టుకుని కూర్చునేంత సేపేగా!

2024లో కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంవారు చేతిలో పట్టేంత పెట్టె ఒకటి చేశారు. చుక్క నీళ్ళు చాలు; ఆకుపచ్చ దీపం కింద ప్లాస్టిక్ నలుసులు మెరుస్తాయి, నిమిషాల్లో లెక్క తేలుతుంది. పెట్టె ఖరీదు అలా ఉంచితే, ఒక్కొక్క పరీక్షకయ్యేది మన రూపాయి పైచిలుకు. పాలిస్టిరీన్ కప్పులో యాభై మిల్లీలీటర్ల మరిగిన నీళ్ళు పోస్తే నలుసులు కోట్లలో తేలాయి. అక్కడ వేలు, ఇక్కడ కోట్లు ఏమిటని కంగారు పడకండి. కప్పులూ వేరు, చూసిన కన్నూ వేరు. వీళ్ళు ఇంకా సన్నటి నలుసులను లెక్కపెట్టారు.

2022లో నెదర్లాండ్సులో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ కనిపించింది. అది అక్కడ చేరి ఏం చేస్తుందో వైద్యులింకా తేల్చే పనిలోనే ఉన్నారు. అదే సంవత్సరం జూలై 1 నుంచి మన దేశంలో ప్లాస్టిక్ కప్పులు, పళ్ళేలు నిషేధించారు. కాగితపు కప్పు ఆ జాబితాలో లేదు. మీ ఇంట్లో ఉంటే ఒకదాన్ని చింపి రాత్రంతా నీళ్ళలో నానేయండి. పొద్దున్న గోటితో గీకితే, లోపలి పొర ఉల్లిపొరలా ఊడి చేతికొస్తుంది.