ఉమేదువారీ చాకిరీ

శ్రమదోపిడీని గూర్చి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా కర్మాగారం గేటు లోపలి సంగతే మాట్లాడుతాము. ఎన్ని గంటల పని, ఎంత కూలి, ఎంత అదనపు విలువ అనే లెక్క అంతా మనిషి పనిలో చేరిన తరువాతది. కాని గేటు బయట, ఉద్యోగం అడగటానికి వచ్చి నిలబడిన మనిషి విషయంలో కూడా ఒక దోపిడీ జరుగుతున్నది. అతడింకా కార్మికుడు కాడు. అతని పేరు ఏ హాజరుపట్టీలోనూ లేదు. ఐనా అతని శ్రమ మాత్రం అప్పటికే యజమాని చేతికి ముట్టింది.

అనువాదకుని ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినవానికి 'పరీక్ష' పేరుతో ఒక అధ్యాయం ఇస్తారు. పదిమంది అభ్యర్థులకు పది అధ్యాయాలు ఇస్తే పుస్తకం పూర్తవుతుంది; ఉద్యోగం మాత్రం ఎవరికీ రానక్కరలేదు. కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవానికి వారంరోజుల పని, బొమ్మలు గీసేవానికి ప్రకటన నమూనా, హోటలులో చేరదలచినవానికి రెండుపూటల వడ్డన, లెక్చరరు కాగోరేవానికి పరీక్షలముందు నాలుగు 'నమూనా పాఠాలు' — పేరేదైనా పద్ధతి ఒక్కటే. ఇది కంప్యూటర్ల యుగం తెచ్చిన కొత్త జాడ్యమని చాలమంది అనుకుంటున్నారు. చరిత్ర అలా చెప్పటం లేదు. ఈ జాడ్యం ఎంత పాతదంటే దానికి మన భాషలోనే ఒక పేరు ఉండేది. ఆ పేరు ఉమేదువారీ.

పారశీకంలో 'ఉమేద్' అంటే ఆశ. ఉమేదువారు అంటే ఆశపెట్టుకున్నవాడు. హిందీ, మరాఠీ భాషలలో ఎన్నికల అభ్యర్థిని నేటికీ ఈ మాటతోనే పిలుస్తారు. ఈస్టిండియా కంపెనీ కచేరీల పుణ్యమా అని ఈ మాట ఇంగ్లీషువారి నిఘంటువులకు కూడా ఎక్కింది. 1855లో విల్సన్ కూర్చిన రెవెన్యూ, న్యాయ పదకోశంలో ఇది ఉద్యోగంకోసం ఎదురుచూచే వ్యక్తి అనే అర్థంలో కనిపిస్తుంది. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ ఆ అర్థాన్నే తీసుకుని, 'ఆశగలవాడు' అనే మూలార్థాన్ని కూడా చెప్పింది.

ఈ ఆశగలవాడు కచేరీ అరుగుమీద ఊరికే కూర్చోలేదు. మద్రాసు రాజధానిలో కలెక్టరు హుజూరు మొదలు తాలూకా కచేరీ వరకు జీతగాళ్ల పక్కన జీతంలేనివాళ్లు కూడా పనిచేసేవారు. నకళ్లు రాయటం, లెక్కలు తిరగరాయటం, కాగితాలు సర్దటం వారి పని. ఇంగ్లీషులో వారికి 'వాలంటీరు' అనే గౌరవప్రదమైన పేరు పెట్టారు. ఎప్పుడో ఒక గుమాస్తా పోతే ఆ ఖాళీ తమకు వస్తుందనే ఆశ తప్ప వారికి మరొక ఆధారం లేదు. ఆ ఆశకు కాగితంమీద హామీ లేదు, గడువు లేదు.

ఈ పద్ధతికి మనవారిలో అందరికీ తెలిసిన ఉదాహరణ కాశీయాత్రచరిత్ర కర్త ఏనుగుల వీరాస్వామి. బాల్యంలోనే తండ్రి పోయాడు. పన్నెండో ఏట మద్రాసులో బోర్డు ఆఫ్ ట్రేడులో వాలంటీరుగా చేరాడు. తరువాత దుబాసీ పనిలోకి వచ్చి, చివరకు మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ అయ్యాడు. 1830-31లో కాశీయాత్ర చేశాడు. అతని ప్రతిభను ఎవరూ కాదనలేరు. కాని చరిత్ర విద్యార్థి ఇక్కడ ఒక విషయం గమనించాలి. మనకు పేరు తెలిసిన ఉమేదువారు గెలిచినవాడు. అతనితోపాటు అదే బల్లదగ్గర నకళ్లు రాసి, ఏ ఖాళీ రాక, ఇంటికి తిరిగిపోయినవాళ్లు పుస్తకాలు రాయలేదు. వారి పేర్లు మనకు అందలేదు. ఒక వీరాస్వామి గెలుపే పదిమంది చేత మరికొన్నేళ్లు ఉచితంగా పనిచేయించగలదు. లాటరీలో ఒకనికి పడిన బహుమతి వేయిమంది చేత చీట్లు కొనిపించినట్లే ఇదీను.

పరాయి ప్రభుత్వం కాబట్టి మనపట్ల అలా ప్రవర్తించిందని సరిపెట్టుకోవటానికి వీలులేదు. ఆ కంపెనీయే లండనులో తన సొంత దేశస్థులపట్ల కూడా ఇటువంటి నియమమే పాటించింది. వ్యాసకర్త చార్లెస్ లాంబ్ 1792లో ఇండియా హౌసులో గుమాస్తాగా చేరినప్పుడు మొదటి మూడేళ్లు జీతం లేదు. ఏటికి 30 పౌన్ల పారితోషికం మాత్రం దక్కింది. 1823లో చేరిన జాన్ స్టూవర్ట్ మిల్‌కు కూడా అంతే. అయితే ఈ రెండింటికీ మధ్య పెద్ద తేడా ఉన్నది. లండను గుమాస్తా పేరు పట్టీలో ఉన్నది. మూడేళ్ల తరువాత జీతం, ఆ తరువాత ఏడాదికేడాది పెరుగుదల ఉన్నవి. అది జీతంలేని ఉద్యోగం. మన ఉమేదువారుది ఉద్యోగమే లేని చాకిరీ. మిల్‌కు మరొక సౌకర్యం కూడా ఉన్నది: అతని తండ్రి జేమ్స్ మిల్ 1819 నుంచీ ఆ ఇండియా హౌసులోనే పెద్ద ఉద్యోగి. మూడేళ్లు జీతం లేకపోయినా ఆ ఇంట్లో పొయ్యి ఆరదు.

ఈ పొయ్యి సంగతే అసలు సంగతి. జీతంలేనివాడు బతకటానికి రెండే దారులున్నాయి. ఒకటి ఇంట్లో ఆస్తి ఉండటం. రెండవది కచేరీకి పనిమీద వచ్చిన రైతు మొలలో చెయ్యిపెట్టటం. మొదటి దారి లేనివాడు అసలు ఉమేదువారీకే రాలేడు, లేదా రెండో దారి పట్టక తప్పదు. కాబట్టి జీతం ఇవ్వకపోవటమనేది కేవలం డబ్బు మిగుల్చుకునే ఉపాయం కాదు. ఎవరు లోపలికి రావాలో, ఎవరు రాకూడదో నిర్ణయించే కంచె అది. ఏ చట్టమూ "పేదవాడు ఈ ఉద్యోగానికి పనికిరాడు" అని చెప్పనక్కరలేదు. "కొన్నాళ్లు ఊరికే చెయ్యి" అంటే చాలు, పేదవాడు తనంతట తానే తప్పుకుంటాడు.

బ్రిటిషు దౌత్యశాఖలో ఈ కంచె బాహాటంగానే ఉండేది. ఆ కొలువులో మొదటి రెండేళ్లు జీతం లేదు. పైగా అభ్యర్థికి సొంతంగా ఏటికి 400 పౌన్ల ఆదాయం ఉండాలనే షరతు మొదటి ప్రపంచయుద్ధం ముగిసేవరకు, అంటే 1919 దాకా కొనసాగింది. మన జిల్లా కచేరీలలో అటువంటి లిఖితపూర్వకమైన షరతు లేదు. ఫలితం మాత్రం దానికి దగ్గరలోనే ఉన్నది. ఎవరి మేనల్లుడు, ఎవరి తమ్ముడు సిరస్తాదారు పక్కన కూర్చుని పని నేర్చుకోగలడో వాడికే ఖాళీ దక్కుతుంది. 1854లో మద్రాసు రెవెన్యూ బోర్డు కలెక్టర్లకు ఒక ఉత్తరువు పంపింది: జిల్లాలోని కింది ఉద్యోగాలు పలుకుబడిగల కొద్ది కుటుంబాల గుత్తసొత్తు కాకుండా చూడాలనీ, ముఖ్యమైన కొలువులను వివిధ కులాలమధ్య పంచటానికి ప్రయత్నించాలనీ దాని సారాంశం. వ్యాధిని బోర్డు గుర్తించింది. కాని జీతంలేని నిరీక్షణే ఉద్యోగానికి ద్వారమైనంతకాలం ఆ ద్వారంలోంచి ఏ కుటుంబాలు వస్తాయో చెప్పటానికి జ్యోతిషం అవసరం లేదు.

కచేరీ విడిచి కర్మాగారంలోకి వస్తే ఇదే పద్ధతి మరింత మొరటుగా కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివర ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో దుస్తులు కుట్టే కార్ఖానాలు ఆడపిల్లలను 'పని నేర్పుతాము' అని చేర్చుకునేవి. నేర్చుకునేకాలానికి జీతం లేదు. కొన్నిచోట్ల పిల్ల తల్లిదండ్రులే ఎదురు రుసుము చెల్లించాలి. నేర్చుకునే కాలం ముగిసి జీతం అడిగే రోజు వచ్చేసరికి ఆ పిల్లను పంపేసి మరొక పిల్లను చేర్చుకునేవారు. బట్టలు మాత్రం అమ్ముడుపోతూనే ఉండేవి. 1896లో విక్టోరియా శాసనసభ చేసిన ఫ్యాక్టరీల చట్టం దీనికి ఒక మందు కనిపెట్టింది. ఎంత కొత్తవారైనా సరే, కార్ఖానాలో పనిచేసేవారికి వారానికి రెండున్నర షిల్లింగులకు తక్కువ ఇవ్వరాదన్నది. దుస్తుల పని నేర్చుకునే ఆడపిల్లల దగ్గర ఎదురు రుసుము తీసుకోవటాన్ని కూడా నిషేధించింది. 1908లో న్యూ సౌత్ వేల్స్ ఈ మొత్తాన్ని నాలుగు షిల్లింగులుగా నిర్ణయిస్తూ చట్టం చేసింది. రెండున్నర షిల్లింగులతో ఎవరికీ కడుపు నిండదు. కాని ఆ చట్టం గొప్పతనం మొత్తంలో లేదు. శ్రమకు సున్నా ధర ఉండటానికి వీలులేదని అది ఒప్పుకున్నది.

మార్క్స్ 1867లో ప్రచురించిన 'పెట్టుబడి' గ్రంథంలో ఒక చిన్న విషయం వైపు మన దృష్టి తిప్పాడు. కూలి ఎప్పుడూ పని అయిన తరువాతనే ముడుతుంది. అంటే కార్మికుడే ప్రతివారం యజమానికి అప్పు పెడుతున్నాడు. ఈ దృష్టితో చూస్తే ఉమేదువారు స్థితి స్పష్టమవుతుంది. అతడు పెట్టే అప్పుకు పత్రం లేదు, సాక్షి లేడు, తీర్చే తేదీ లేదు. తీర్చకపోయినా అడిగే హక్కు లేదు. దుకాణం ముందు పదిమంది నిరుద్యోగులు వరుస కట్టి ఉన్నప్పుడే యజమానికి ఈ అప్పు పుడుతుంది. వరుస తరిగితే పుట్టదు. అతడు మంచివాడా, చెడ్డవాడా అన్న ప్రశ్నకు ఇక్కడ పెద్ద ప్రాముఖ్యం లేదు.

"మరి పరీక్షించకుండా ఎవరినైనా ఎలా చేర్చుకోవటం?" అని యజమానులు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్నే, దీనికి జవాబు చెప్పాలి. 1947లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఇటువంటి తగాదా వచ్చింది. పోర్ట్‌లండ్ టెర్మినల్ అనే రైల్వే కంపెనీ బ్రేక్‌మన్ పనికి వచ్చే అభ్యర్థులకు ఏడెనిమిది రోజులు శిక్షణ ఇచ్చేది. ఆ శిక్షణ పొందనివారిని పనిలోకి తీసుకునేది కాదు. ఆ రోజులకు 1938 నాటి వేతన చట్టం కింద కూలి ఇవ్వాలా? అక్కరలేదని కోర్టు చెప్పింది. తీర్పు రాసిన జస్టిస్ బ్లాక్, సెనేటరుగా ఉన్నప్పుడు ఆ చట్టానికి మూలమైన బిల్లును ప్రతిపాదించినవాడే. తీర్పు అభ్యర్థులకు వ్యతిరేకంగా వచ్చింది. కాని దానికి చూపిన కారణం మనకు కొలబద్దగా ఉపయోగపడుతుంది. ఈ అభ్యర్థులు పాత కార్మికుల స్థానంలో పనిచేయలేదనీ, వారివల్ల కంపెనీ పని సాగకపోగా ఒక్కొక్కప్పుడు అడ్డుపడేదనీ, కంపెనీకి వెంటనే చేకూరిన లాభమేదీ లేదనీ కోర్టు భావించింది. దీన్ని తిరగవేసి చదవండి. అభ్యర్థి చేసిన పని యజమానికి ఉపయోగపడితే, దాన్ని అమ్ముకుంటే, దానివల్ల ఒక జీతగాని అవసరం తగ్గితే, అది పరీక్ష కాదు, పని. వడ్రంగిని ఒక చెక్క చిత్రిక పట్టి చూపమనటం పరీక్ష. కుర్చీ చేయించుకుని, ఆ కుర్చీలోనే కూర్చుని "నీవు పనికిరావు పో" అనటం దొంగతనం.

మన దేశానికి వస్తే, తెలుగువారికి ఉచిత చాకిరీ అంటే మొదట గుర్తుకు వచ్చేది తెలంగాణా వెట్టి. దొరల గడీలలో, పర్యటనకు వచ్చిన అధికారుల విడుదులలో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కుటుంబాల చేత కూలి లేకుండా చేయించిన వెట్టిని ఆంధ్రమహాసభ ఎదిరించింది. 1946-51 నాటి సాయుధ పోరాటం దాని వెన్ను విరిచింది. వెట్టివాని బాధనూ, ఉద్యోగార్థి బాధనూ ఒకే త్రాసులో తూచటం అన్యాయం. వెట్టివానికి తప్పించుకునే దారి లేదు; ఎదురు తిరిగితే కొరడా ఉన్నది. ఉద్యోగార్థి తనంతట తానే వచ్చాడు. ఐతే ఈ 'తనంతట తాను' అన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

దీనికి మన సుప్రీంకోర్టే 1982లో సమాధానం చెప్పింది. ఆ ఏడు ఢిల్లీలో జరిగిన ఏషియాడ్ క్రీడల నిర్మాణాలలో కూలీలకు కనీసవేతనం అందటం లేదని పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రాటిక్ రైట్స్ చేసిన ఫిర్యాదుపై జస్టిస్ భగవతి తీర్పు చెబుతూ, రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమకు విశాలమైన అర్థం ఇచ్చారు. కొరడాయే నిర్బంధం కాదు. ఆకలి, దారిద్ర్యం మనిషికి మరో దారి లేకుండా చేస్తే అదీ నిర్బంధమే. కనీసవేతనం కన్నా తక్కువకు చేయించుకున్న పని నిర్బంధ శ్రమే అవుతుంది అన్నారు. తక్కువ కూలికి చేయించటమే నిర్బంధమైతే, సున్నా కూలికి చేయించటం ఏమవుతుంది?

ఐనా ఈ తీర్పు నీడ మన అభ్యర్థిమీద ఇంకా సరిగా పడలేదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టం శిక్షణ పొందేవానికి స్టైపెండు ఇవ్వాలన్నది; దానికి శిక్షణ ఒప్పందం కావాలి. 1948 నాటి కనీస వేతనాల చట్టమైనా, దాన్ని తనలో కలుపుకున్న 2019 వేతన కోడ్ అయినా కూలి గూర్చి మాట్లాడేది పనిలో ఉన్నవానికే. అభ్యర్థికి ఒప్పందమూ లేదు, పనివాడన్న పేరూ లేదు. బ్రిటనులో కూడా ఉచితంగా చేయించుకునే 'ట్రయల్ షిఫ్టు'లను నిషేధించాలని స్కాట్లండు సభ్యుడు స్టూవర్ట్ మెక్‌డొనల్డ్ ప్రతిపాదించిన బిల్లు 2018 మార్చిలో పార్లమెంటు ముందుకు వచ్చింది. దాన్ని ఓడించనక్కరలేకపోయింది, ఉపన్యాసాలతో కాలం గడిపివేయటంతోనే అది ఆగిపోయింది.

కార్మికోద్యమంలో కూడా ఇక్కడ ఒక లోటు ఉన్నది. యూనియను సభ్యత్వం ఉద్యోగంతో మొదలవుతుంది. ఉద్యోగం రానివానికి ఏ యూనియనూ లేదు. పైగా అభ్యర్థులు ఒకరినొకరు ఎరుగరు. ఎరిగినా పోటీదారులుగా ఎరుగుదురు. యజమానికి కావలసింది కూడా అదే. ఈ ఒంటరితనాన్ని మొదట పోగొట్టగలిగినవారు విద్యార్థి సంఘాలవారూ, ఉపాధ్యాయ సంఘాలవారూ. చదువు ముగించి దరఖాస్తు పట్టుకుని బయలుదేరే మనిషి అంతవరకు వారి మధ్యనే ఉన్నాడు కదా!

కోరవలసిన కోరికలు కూడా పెద్దవేమీ కావు. పరీక్ష గంటల్లో ముగియాలి, రోజులు పట్టరాదు. యజమానికి ఇప్పుడు అవసరమైన పనిని కాక, ఇదివరకే పూర్తయిన పనిని పరీక్షకు ఇవ్వాలి. అభ్యర్థి రాసినది, గీసినది, బోధించినది వాడుకుంటే, ఉద్యోగం ఇచ్చినా ఇవ్వకపోయినా, దానికి కూలి చెల్లించాలి. సంస్థలోని యూనియను తన తలుపు దగ్గర నిలబడ్డ అభ్యర్థి ఫిర్యాదును కూడా తన ఫిర్యాదుగా స్వీకరించాలి. రేపు ఆ ఉచిత చాకిరీయే లోపలివారి జీతాన్ని కోస్తుంది కాబట్టి ఇది దయాధర్మం కాదు, ఆత్మరక్షణ.

కంపెనీ కచేరీలు పోయి ఎన్నో ఏళ్లయింది. ఉమేదువారు అనే మాట కూడా మన వాడుకలోంచి దాదాపు జారిపోయింది. పద్ధతి మాత్రం పోలేదు. ఆశ మనిషికి అవసరమే. కాని ఆశను జీతం కింద లెక్కకట్టే హక్కు ఏ యజమానికీ లేదు.