వార్తయు భయమును

దూరదేశమును మనము కన్నులతో చూడము, వార్తలో చూతుము. వార్త వ్రాయువాడు దేనిని చూపునో అదియే మనకు ఆ దేశమగును. దేనిని విడుచునో అది లేనట్లే యగును. ఈ సంగతి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారికి ఇతరులకంటె బాగుగ తెలియదగినది.

ఒకప్పుడు వారి యూళ్ల పేర్లే భయపదములైనవి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీలు వేలకొలదిగ కూడి జైత్రయాత్ర జరిపిరి. వెట్టి మానవలెను, కూలి పెరుగవలెను, భూమి దున్నువానికి దక్కవలెను అనునవి వారి కోరికలు. ఆ యేడే అక్టోబరు 20న ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. అటుపిమ్మట ఆ పేర్లు వినినంతనే బయటి జనులలో పెక్కుమందికి తుపాకి తోచినదిగాని వెట్టి తోచలేదు.

ఈ పల్లెలనుండియే పెక్కుమంది బ్రతుకుతెరువునకై అరబ్బు దేశములకు పోయిరి. తమ యూరికి పట్టిన గతియే తాము కూలికి పోయిన సీమకును పట్టుట వారు చూచిరి.

1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించెను. అప్పుడు అక్కడ చిక్కుకొనిన లక్షకు పైబడిన భారతీయులను మన విమానములు అమ్మాను మీదుగా స్వదేశమునకు చేర్చినవి. ఆ దినములలోనే, అక్టోబరు 10న, వాషింగ్టనులో నయీరా యను పదునైదేండ్ల బాలిక అమెరికా కాంగ్రెసు సభ్యుల యెదుట సాక్ష్యమిచ్చెను. ఇరాకు సైనికులు ఆసుపత్రిలోని పసికందులను ఇంక్యుబేటర్లనుండి తీసి చల్లని నేలపై విడిచిరని ఆమె కన్నీటితో చెప్పెను. టెలివిజనులు ఆ కథను లోకమంతట చాటినవి. అధ్యక్షుడు బుష్ దానిని పలుమారు చెప్పెను. 1991 జనవరి 12న సెనేటు 52–47 ఓట్లతో యుద్ధమునకు అనుమతించెను. ఆ బాలిక అమెరికాలోని కువైటు రాయబారి కూతురనియు, సాక్ష్యము వెనుక హిల్ అండ్ నోల్టన్ అను ప్రచారసంస్థ కలదనియు 1992లో గాని లోకమునకు తెలియలేదు.

ఇరాకు సైన్యము కువైటులో దౌర్జన్యము చేయలేదని మేము చెప్పము, చేసెను. కల్పిత కథ వలన ఆ నిజమైన బాధితుల మాటకే విలువ తగ్గినది. రహస్యమును బయటపెట్టినదియు అమెరికా పత్రికయే. కావున పశ్చిమమును ద్వేషించుట దీనికి మందు కాదు.

వ్యాధి మూలము వేరొకచోట కలదు. పరదేశమునుండి యుద్ధమో తిరుగుబాటో వచ్చిననే వార్త; ఇటుక మోయువాడు, బండి తోలువాడు వార్త కాడు. చిరకాలము లోకవార్తలలో అధికభాగము రాయిటర్సు, అసోసియేటెడ్ ప్రెస్, ఏ.ఎఫ్.పి. వంటి కొద్ది సంస్థల చేతులమీదుగనే నడచినది. ఈ అసమానతను యునెస్కో నియమించిన మెక్‌బ్రైడ్ సంఘము 1980లోనే ఎత్తిచూపెను. మన పత్రికలును విదేశవార్తకు ఆ సంస్థలనే ఆశ్రయించినవి. అందుచేత కోరుట్లలోని తల్లి, కొడుకు పనిచేయు కువైటును గూర్చి లండను మీదుగ వినవలసివచ్చెను.

ఆ కొడుకు వ్రాసిన ఉత్తరములో అరబ్బు భూతమును కాడు, దేవుడును కాడు. ఒకడు జీతము సరిగ నిచ్చును, ఒకడు పాస్‌పోర్టు దాచుకొనును. భయపెట్టు వార్తలో ఈ ఇద్దరును లేరు. కావున పాఠకులారా! ఒక దేశమును భయంకరముగ చూపు వార్త చేతికి వచ్చినప్పుడు, దీనిని కన్నులార చూచినవాడెవడు, ఇందులో ఆ దేశపు కూలివాని మాట ఎక్కడ నున్నది, దీనిని నమ్మినచో లాభమెవరికి అని అడుగుడు. తమ యూరి పేరు భయపదమైనప్పుడు ఇతరులు ఈ ప్రశ్న లడిగియుండవలెనని కోరినవారు, పరుల యూరి విషయమున తామే మొదట అడుగవలెను.