గుండె అరలు, మెదడు కోష్ఠములు: ఒక పరిభాషాచరిత్ర

మానవుని గుండెయందు నాలుగు అరలు గలవు. మెదడునందును నాలుగు కోష్ఠములు గలవు. సంఖ్య సమానమే కాని పని సమానము గాదు. గుండె అరలు నెత్తురును స్వీకరించి పంపెడు కండరపు గదులు. మెదడు కోష్ఠములు ఒక నిర్మలద్రవమునకు నిలయములైన బోలుతావులు. ఐనను పాశ్చాత్యులు గుండె క్రింది అరలకును, మెదడులోని కోష్ఠములకును ఒకే పేరు పెట్టిరి. ఆ పేరే అనువాదమున మన భాషకు వచ్చినది. ఈ పదముల వెంట ఏ భావములు వచ్చినవో, వానిని సుబోధము చేయుటకు గోదావరి సీమ వాడుక ఎంతవరకు తోడ్పడునో పరిశీలించుట మా యుద్దేశము.

గుండె పై అరకు 'కర్ణిక' యనియు, క్రింది అరకు 'జఠరిక' యనియు మన పాఠ్యగ్రంథములందు వ్యవహారము. లాటినున 'ఆరిక్యులా' యనగా చిన్న చెవి. 'వెంట్రిక్యులస్' అనగా చిన్న కడుపు. కర్ణ, జఠర శబ్దములనుండి యేర్పడిన మన పదములు వానికి సరియైన ప్రతిబింబములు. అయితే సంస్కృతమున కర్ణికకు చెవికమ్మ, తామరదుద్దు అను అర్థములు పూర్వమే గలవు. సుశ్రుతసంహిత హృదయమును అధోముఖమైన తామరతో పోల్చినది. కావున కర్ణిక యన్నంతనే మన పండితునకు చెవితోపాటు తామరయు స్ఫురించును. పరభాషాపదమునకు బదులుగ నిలిచియు ఈ మాట తన పూర్వసంస్కారమును విడువలేదు.

జఠరికకు అట్టి భాగ్యము లేదు. మెదడు విషయమున ఆ పేరు పొరపాటునకు తావిచ్చును. క్రీ.శ. 4వ శతాబ్ది చివర నెమీసియస్ ఊహను ముందు కోష్ఠములకు, ఆలోచనను నడిమిదానికి, జ్ఞాపకమును వెనుకదానికి పంచియిచ్చెను. ఈ మతము వేయేండ్లకు పైగా చెల్లినది. 16వ శతాబ్ది తొలి దశకమున లియొనార్డో డావిన్చి ఎద్దు మెదడు కోష్ఠములలో కరగిన మైనమును పోసి, అది గట్టిపడిన పిదప వాని నిజమైన ఆకృతిని కనుగొనెను. 1543లో వెసేలియస్ తన మహాగ్రంథమున ఈ శక్తివిభాగమును నిరసించెను. ఆలోచనకు ఆధారము నాడీకణజాలమే కాని బోలుతావు గాదు. కోష్ఠములలో ఊరెడు మస్తిష్కమేరుద్రవము మెదడును, వెన్నుపామును చుట్టి కాపాడును. ప్రౌఢునియందు దాని మొత్తము దాదాపు 150 మిల్లీలీటర్లు. దాని దారి మూసికొనిపోయినచో కోష్ఠములు ఉబ్బి మెదడును ఒత్తును.

గుండె విషయమునను ఇట్టి భ్రమ యొకటి చిరకాలము నిలిచినది. కుడి జఠరికలోని నెత్తురు నడిమిగోడయందలి సూక్ష్మరంధ్రములగుండ ఎడమదానిలోనికి చొచ్చునని 2వ శతాబ్దిలో గేలెన్ చెప్పెను. 13వ శతాబ్దిలో ఇబ్న్ అల్ నఫీస్ దానిని ఖండించి, నెత్తురు ఊపిరితిత్తులగుండ పోవునని నిరూపింపజూచెను. 1628లో విలియం హార్వే రక్తప్రసరణమును స్థాపించెను. నెత్తురు వెనుకకు మఱలకుండ ఆపునవి కవాటములు.

'కవాటము' అనగా తలుపు. ఈ తలుపును గోదావరి సీమవారు కాలువలపై చూచియే యున్నారు. ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించిన ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. దానినుండి సాగిన కాలువలపై పడవల రాకపోకలకై లాకులు వెలసినవి. లాకు తలుపు రెక్కలు రెండును ఎగువకు మొనదేరి కలియును. ఎగువనీటి ఒత్తిడియే వానిని బిగించును. కవాటపు రెక్కలును ఎదురుతిరిగిన నెత్తురు ఒత్తిడిచేతనే మూతపడును. భేదమొక్కటే: లాకు తెఱచుటకు మనుష్యుడు కావలయును, కవాటమునకు అక్కఱలేదు. ఇట్టి లాకు తలుపునకు ఆద్యుడుగ పేర్కొనబడువాడు మైనము పోసి కోష్ఠములను చూచిన ఆ లియొనార్డోయే యగుట గమనింపదగినది.

కర్ణికకును ఇచ్చట మంచి పోలిక గలదు. నేటి శాస్త్రజ్ఞులు పై అరను 'ఆట్రియం' అందురు. అది రోమనుల యింటి నడిమి చావడి పేరు. నాలుగు చూరుల వాననీరు నడుమ పడునట్టి ఆ కట్టడమునకు కోనసీమ మండువా లోగిలి సాటియైనది. సిరలనుండి వచ్చు నెత్తురును అందుకొను అరకు ఇంతకంటె తేటయైన ఉపమానము దొరకదు.

ఈ సీమవారు శాస్త్రమును తెలుగు చేయుటకు వెనుదీయలేదు. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు శరీరశాస్త్రమును తెలుగున రచించిరి. మాధవరమున 1880లో జన్మించిన ఆచంట లక్ష్మీపతిగారు పాశ్చాత్యవైద్యము నభ్యసించియు ఆయుర్వేదమునకు మఱలిరి. మద్రాసునందు వారి ఆయుర్వేదకళాశాలలో, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్లుటకు ముందు శరీరనిర్మాణమును బోధించిరి. 1958లో కాకినాడయందు రంగరాయ వైద్యకళాశాల వెలసినది. కాని వైద్యవిద్య ఇంగ్లీషుననే సాగుచుండుటచే, తెలుగు పదముల భారము పాఠశాలపైనను, రోగితో మాటలాడు వైద్యునిపైనను పడినది.

కావున మా యభిప్రాయ మిది. జఠరికను గుండెకే విడిచి, మెదడునకు కోష్ఠము అను పదమునే వాడుట మేలు. ఒకటి కండరము, ఒకటి బోలుతావు అను భేదము పేరునందే తెలియవలయును. కర్ణిక, కవాటములు నిలువవలసినవే. కాని తొలి పాఠమున వానిని మండువాతోను, లాకుతోను విప్పి చెప్పవలయును. కవాటము చెడినదని వైద్యుడు చెప్పినపుడు ఆ మాట తెలియని రైతు తన ప్రాణమునకు సంబంధించిన శస్త్రచికిత్సకు అర్థమెఱుగకయే తలయూపవలసివచ్చును. లాకు తలుపు బిగియనిచో నీరేమగునో అతడు చక్కగ నెఱుగును. అతడెఱిగినదానినుండి అతడెఱుగనిదానికి దారి చూపుట పరిభాషాకర్తల కర్తవ్యము.