కాలేజీ రాక్ బ్యాండ్లు (భారతదేశం)

భారతదేశంలో కళాశాల విద్యార్థులు ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్, కీబోర్డులతో ఏర్పరచుకున్న సంగీత బృందాలు. వీరు వాయించేది ప్రధానంగా ఇంగ్లీషు రాక్. 1960లలో కలకత్తా, బొంబాయి, మద్రాసు, బెంగుళూరు, షిల్లాంగ్ నగరాల్లో మొదలైన ఈ వ్యాసంగం 1990లలో ఇంజనీరింగ్ కళాశాలల ఉత్సవాల (ఫెస్టుల) పుణ్యమా అని దేశమంతా పాకింది. ఈ బృందాల్లో అత్యధికం ఒక్క రికార్డింగూ మిగల్చకుండానే కనుమరుగయ్యాయి. బ్యాండ్ ఆయుష్షు సాధారణంగా డిగ్రీ ఆయుష్షే. డ్రమ్మర్‌కి క్యాంపస్ ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చిందంటే మిగతావాళ్లు కొత్త డ్రమ్మర్‌ని వెతుక్కోవాలి, లేదా పుస్తకాలు తీయాలి.

బీట్ గ్రూపులు

1960లకు ముందు పాశ్చాత్య సంగీతం పెద్ద హోటళ్లలో, క్లబ్బుల్లో గోవా, ఆంగ్లో ఇండియన్ వాద్యకారుల చేతిలో ఉండేది. బీటిల్స్ రికార్డులు వచ్చాక కాలేజీ కుర్రాళ్లు దాన్ని అందుకున్నారు. అప్పట్లో వీటిని రాక్ బ్యాండ్లు అనేవారు కాదు, బీట్ గ్రూపులు అనేవారు. బెంగుళూరు కుర్రాడు బిడ్డు తన ట్రోజన్స్ బృందంతో కలకత్తా పార్క్ స్ట్రీట్‌లోని ట్రింకాస్‌లో పాడి పేరు తెచ్చుకుని, ఆ తరువాత ఇంగ్లండ్ చేరి డిస్కో నిర్మాతగా ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. 1967లో కలకత్తా నుంచి డెస్మండ్ డోయిగ్ సంపాదకత్వంలో మొదలైన 'జూనియర్ స్టేట్స్‌మన్' వారపత్రిక ఈ కుర్రకారుకి గెజెట్‌లాంటిది. పదేళ్లు నడిచిన ఆ పత్రిక పోస్టర్లు ఎన్ని హాస్టల్ గోడల మీద వెలిశాయో లెక్కలేదు.

ఈ దశలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం సిమ్లా బీట్ పోటీ. సిమ్లా సిగరెట్ల ప్రచారం కోసం ఇంపీరియల్ టొబాకో కంపెనీ దీన్ని నిర్వహించింది. వేర్వేరు నగరాల బృందాలు బొంబాయి షణ్ముఖానంద హాలులో తలపడేవి. 1970, 1971 పోటీల్లో పాల్గొన్న బృందాలతో రెండు ఎల్పీ రికార్డులు వెలువడ్డాయి. షిల్లాంగ్ నుంచి ఫెంటోన్స్, కలకత్తా నుంచి గ్రేట్ బేర్ వాటిలో వినిపిస్తాయి. కొన్ని విదేశీ పాటల అనుకరణలు, కొన్ని సొంత రచనలు. సొంత రచనలే ఈనాటికీ వినదగినవి. దశాబ్దాల పాటు ఎవరికీ పట్టని ఈ రికార్డుల కోసం ఇప్పుడు విదేశీ సేకర్తలు పోటీ పడుతున్నారు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం తరువాత అటువంటి పోటీకి ఏ సిగరెట్ కంపెనీ కూడా డబ్బు పెట్టే వీలు లేదు. భారతీయ రాక్ తొలి భాండాగారం మాత్రం పొగాకు ఖర్చుతోనే తయారైంది.

1970లలో హ్యూమన్ బాండేజ్, అటామిక్ ఫారెస్ట్ వంటి బృందాలు వచ్చాయి. షిల్లాంగ్‌లో గాయకుడు లౌ మాజా 1972 నుంచి ప్రతి మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజు కచేరీ చేస్తూ వస్తున్నాడు. అదే దశాబ్దం మధ్యలో కలకత్తాలో గౌతం చట్టోపాధ్యాయ్, ఆయన సోదరులు, మిత్రులు కలిసి మొహీనేర్ ఘోరాగులి బృందాన్ని స్థాపించారు. పేరు బెంగాలీ కవి జీబనానంద దాస్ కవిత నుంచి తీసుకున్నది. 1977-79 మధ్య వెలువడిన మూడు చిన్న రికార్డులను కొన్నవాళ్లు కొద్దిమందే. బెంగాల్ జానపద బాఉల్ బాణీని రాక్‌తో కలిపి, తమ ఊరి గురించి తమ భాషలో పాడిన ఈ బృందం కాలానికి బాగా ముందుంది. 2006లో 'గ్యాంగ్‌స్టర్' హిందీ సినిమాలోని 'భీగీ భీగీ' పాటతో వాళ్ల బాణీ దేశమంతా మోగింది.

పరికరాలు

సరళీకరణకు ముందు విదేశీ గిటార్ మీద దిగుమతి సుంకం విద్యార్థికి అందని ఎత్తులో ఉండేది. కలకత్తాలో తయారయ్యే గివ్‌సన్, హోబ్నర్ గిటార్లే దిక్కు. తీగలు, రీడ్లు కావాలంటే బొంబాయిలో ఫుర్టాడోస్, మద్రాసు మౌంట్ రోడ్డులో 1842 నాటి మ్యూసీ మ్యూజికల్. ఆంప్లిఫయర్ లేనిచోట సభలకీ పెళ్లిళ్లకీ మైకులు అద్దెకిచ్చే అహూజా సెట్‌తోనే గిటార్‌కీ గొంతుకీ సరిపెట్టేవారు. దానిలోంచి వచ్చే గరగర శబ్దం కొందరికి నచ్చింది కూడా. నోట్స్ రాసిపెట్టిన పుస్తకాలు అరుదు. క్యాసెట్‌ని వెనక్కి తిప్పి తిప్పి, టేపు సాగిపోయేదాకా వింటూ సోలోలు పట్టేవారు. సాహిత్యం కూడా చెవికి తోచినట్టే రాసుకునేవారు కాబట్టి, ఒకే పాటని నాలుగు కాలేజీలు నాలుగు రకాల పదాలతో పాడేవి. 1990ల చివర్లో ఇంటర్నెట్ కెఫేల్లో గిటార్ ట్యాబ్‌లు (ఏ తీగని ఎక్కడ నొక్కాలో చూపే రాతలు), బజార్లో గిటార్ ధ్వనిని మార్చే జూమ్ 505 పెడల్ వచ్చాక ఈ కష్టం చాలామటుకు తీరింది.

ఫెస్టుల కాలం (1986-2008)

ఉత్సవాలు 1986కు ముందే మొదలయ్యాయి. బొంబాయి ఐఐటీ మూడ్ ఇండిగో, బిట్స్ పిలానీ ఒయాసిస్ రెండూ 1971 నాటివి. మద్రాసు ఐఐటీ ఉత్సవం 1974లో మార్డీ గ్రా పేరుతో మొదలై 1996లో సారంగ్‌గా మారింది. బెంగుళూరు నేషనల్ లా స్కూల్ అయితే రాక్ కోసమే ప్రత్యేకంగా స్ట్రాబెరీ ఫీల్డ్స్ పెట్టుకుంది. మూడ్ ఇండిగోలో లైవ్‌వైర్, పిలానీలో రాక్‌టేవ్స్, సారంగ్‌లో డెసిబెల్స్: ఈ మూడు పోటీల పేర్లు వింటే ఆ తరం వాద్యకారుల కళ్లు ఇప్పటికీ మెరుస్తాయి.

పోటీ తీరు అన్ని చోట్లా ఒకటే. మధ్యాహ్నం ఎండలో ప్రిలిమ్స్. ఒక్కో బ్యాండ్‌కి దక్కేవి కొద్ది నిమిషాలు, సౌండ్ చెక్ కూడా అందులోనే. డ్రమ్స్ సెట్ అందరికీ ఒక్కటే. పెడల్‌లో తొమ్మిది వోల్టుల బ్యాటరీ సరిగ్గా సోలో మధ్యలో చచ్చిపోవడం నిత్యకృత్యం. కిక్కిరిసిన జనం కోరేది తమకు తెలిసిన పాటలే, అంటే కవర్లు. డీప్ పర్పుల్, ఐరన్ మెయిడెన్, మెటాలికా పాట మొదలైతే హోరు. 'ఇప్పుడు మా ఓసీ' అని గాయకుడు ప్రకటించగానే సగం మంది క్యాంటీన్ దారి పట్టేవారు. ఓసీ అంటే సొంత కూర్పు.

ఈ పరిస్థితిని మార్చిన ఘనత రెండు వేదికలకూ ఒక బ్యాండ్‌కూ ఒక పత్రికకూ దక్కాలి. బొంబాయిలో 1986లో ఫర్హాద్ వాడియా మొదలుపెట్టిన ఇండిపెండెన్స్ రాక్, సెయింట్ జేవియర్స్ కాలేజీ పక్కనున్న రంగ్ భవన్‌లో ఆగస్టు 15 సమయానికి జరిగేది. 1984లో పుట్టిన రాక్ మెషీన్ బ్యాండ్ (1993 నుంచి ఇండస్ క్రీడ్) 1988లో సొంత పాటల ఆల్బమ్ తెచ్చి, కవర్లు లేకుండానూ బతకవచ్చని చూపించింది. ఇక 1993లో అమిత్ సైగల్ 'రాక్ స్ట్రీట్ జర్నల్'ని స్థాపించాడు, అదీ అలహాబాదు నుంచి. మహానగరం కాని ఊరి నుంచి వచ్చిన ఈ పత్రిక ఇంఫాల్ బ్యాండ్ గురించి కొచ్చిలో, కొచ్చి బ్యాండ్ గురించి ఢిల్లీలో తెలిసేలా చేసింది. దాని ఆధ్వర్యంలో మొదలైన గ్రేట్ ఇండియన్ రాక్ ఉత్సవం సొంత పాటలకే పెద్దపీట వేసింది. సైగల్ 2012 జనవరిలో గోవాలో మరణించాడు. ఆయన లేకుంటే ఈ వ్యాసంలో సగం పేర్లు నమోదయ్యేవి కావు.

ఢిల్లీలో తూర్పు అంచున ఉన్న వైద్య కళాశాల యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్. అక్కడి విద్యార్థి పలాష్ సేన్ 1988లో యుఫోరియా బ్యాండ్‌ని మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో ఆరంభించి హిందీకి మళ్లి, 1998లో 'ధూమ్' ఆల్బమ్‌తో ఇంటింటికీ చేరాడు. 1991 జూన్ 17న ఏర్పడిన ఢిల్లీ బ్యాండ్ పరిక్రమ కాలేజీ ఫెస్టుల్లోనే పెరిగి, పాటలు అమ్మకుండా ఉచితంగా పంచిపెట్టి, 2007లో ఇంగ్లండ్‌లోని డౌన్‌లోడ్ ఉత్సవం దాకా వెళ్లింది. అదే ఏడు మార్చిలో బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ కచేరీకి ముందు వాయించిందీ వీళ్లే.  బెంగుళూరు క్రైస్ట్ కాలేజీ విద్యార్థులు 1996లో స్థాపించిన థర్మల్ అండ్ ఎ క్వార్టర్, డిగ్రీ అయ్యాక కూడా విడిపోని అరుదైన బృందాల్లో ఒకటి.

రంగ్ భవన్ కథ వేరుగా ముగిసింది. ఆసుపత్రులకు, విద్యాసంస్థలకు వంద మీటర్ల లోపు నిశ్శబ్ద మండలాలకు వీలు కల్పించిన 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల తరువాత కొన్నేళ్లకే అక్కడ రాక్ ఆగిపోయింది. దశాబ్దాల తరబడి రాక్‌కి పొరుగు ప్రేక్షకులను అందించిన కాలేజీయే, కాగితం మీద, దానికి అడ్డంకుల్లో ఒకటైంది.

2008 ఆగస్టులో వచ్చిన 'రాక్ ఆన్' హిందీ సినిమా విడిపోయిన బ్యాండ్ కథ చెప్పి, గిటార్ నేర్చుకునేవారి సంఖ్యని పెంచింది. 2010లో పుణేలో మొదలైన ఎన్‌హెచ్7 వీకెండర్ వంటి టికెట్ ఉత్సవాలతో మంచి బ్యాండ్లకు కాలేజీ వేదిక తప్పనిసరి కాకుండా పోయింది.

తెలుగు ప్రాంతాలు

తెలుగు నేల మీద ఈ చరిత్ర ఆలస్యంగానూ పలచగానూ నడిచింది. కారణం సినిమా పాట. ఫెస్టుల్లో 'లైట్ మ్యూజిక్' పేరుతో సినిమా పాటల పోటీ వేరు, 'వెస్టర్న్' వేరు. జనం మొదటిదానికే వచ్చేవారు. వరంగల్ ఎన్ఐటీ స్ప్రింగ్ స్ప్రీ, బిట్స్ హైదరాబాద్ పెర్ల్ వంటి ఉత్సవాలు రాక్‌కి కొంత చోటిచ్చాయి. హైదరాబాద్ నుంచి స్లెడ్జ్ వంటి మెటల్ బృందం వచ్చింది. తెలుగులోనే రాసి పాడటం మాత్రం యూట్యూబ్ కాలం దాకా ఊపందుకోలేదు. జానపదాన్నీ రెగెనీ కలిపిన హైదరాబాద్ బృందం చౌరస్తా 'ఊరెళ్ళిపోతా మామ' పాటతో సినిమా ఆసరా లేకుండానే పల్లెల దాకా వినిపించింది.