ఓడిపోయిన కేసులో దొరికిన హక్కు

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట లా పుస్తకాలు కొనేవాళ్ళు తక్కువ. నవలలకైతే బేరమాడాలి, ఎ.ఐ.ఆర్. సంపుటాలను మాత్రం దాదాపు తూకం లెక్కన ఇచ్చేస్తారు. లా చదివి కోర్టు మెట్లెక్కని వాళ్ళలో నేనొకణ్ణి. అయినా 1987 ఆంధ్రప్రదేశ్ సంపుటం కనిపిస్తే వదలబుద్ధి కాలేదు. 171వ పేజీ కోసం కొన్నాను. టి. దామోదర్ రావు వర్సెస్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ స్పెషల్ ఆఫీసర్.

కథ చిన్నదే. హైదరాబాద్ అభివృద్ధి ప్రణాళికలో కొంత భూమిని జనం తిరగడానికీ, గాలి పీల్చుకోవడానికీ అని గుర్తించి పెట్టారు. తర్వాత అందులో ఎల్‌ఐసీ, ఆదాయపు పన్ను శాఖ ఇళ్ళు కట్టబోయాయి. నగరవాసులు కొందరు హైకోర్టుకు వెళ్ళారు. జస్టిస్ పి.ఎ. చౌదరి కట్టడానికి వీల్లేదన్నారు. ప్లాన్‌లో ఖాళీ స్థలం అని ఉంటే అది ఖాళీగానే ఉండాలి, సొంతదారు ఎవరైనా సరే. ఈ ఒక్క ముక్క చాలు, కేసు అయిపోయేది. ఆయన అక్కడ ఆగలేదు. చెడిపోయిన గాలితో, నీళ్ళతో మనిషి ఒంట్లోకి మెల్లగా విషం ఎక్కుతుంటే, అది కూడా 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమే అన్నారు. మన దేశంలో ఆ మాట అంత సూటిగా చెప్పిన తొలి తీర్పుల్లో అదొకటి.

(ఈ చౌదరి గారే 1983లో సరిత కేసులో, భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆజ్ఞాపించడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు దాన్ని కాదంది. కొందరు జడ్జీలు ముందుగా పుట్టేస్తారు.)

నేను కొన్న సంపుటంలో ఎవరో వకీలు పెన్సిల్‌తో గీతలు గీసుకున్నాడు. అన్నీ ప్లాన్ గురించీ, భూమి వినియోగం మార్చే అధికారం గురించీ చెప్పిన వాక్యాల కిందే. 21వ అధికరణం ఉన్న పేరా శుభ్రంగా ఉంది. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, మన పర్యావరణ హక్కు చరిత్ర మొత్తం ఆ పేరాలాగే ఉందనిపించింది: అచ్చులో ఉంది, పని మాత్రం పక్క పేరాలతో నడుస్తోంది.

అసలు 1950 నాటి రాజ్యాంగంలో పర్యావరణం అనే మాటే లేదు. 1972లో స్టాక్‌హోమ్ సదస్సుకు ఇందిరా గాంధీ వెళ్ళొచ్చారు. ఆ తర్వాత 42వ సవరణతో 48ఎ అధికరణం వచ్చింది: పర్యావరణాన్ని, అడవుల్ని, వన్యప్రాణుల్ని కాపాడటానికి ప్రభుత్వం ప్రయత్నించాలి. 51ఎ(జి) కూడా అప్పుడే వచ్చింది: చెరువుల్నీ నదుల్నీ కాపాడటం పౌరుల విధి. ఒకటి ఆదేశిక సూత్రం, దాని కోసం కోర్టుకెళ్ళడానికి లేదు. రెండోది మన నెత్తిన పెట్టిన బాధ్యత. హక్కు ఎక్కడా లేదు. తేదీలు చూస్తే ఇంకా విచిత్రం. అవి అమల్లోకొచ్చింది 1977 జనవరి 3న, ఎమర్జెన్సీ ఇంకా ఎత్తేయకముందే. 21వ అధికరణం కోసం కోర్టు తలుపు తట్టే వీలు అప్పటికి లేదు. తట్టినా తెరవం అని 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెప్పింది, ఒక్క జస్టిస్ ఖన్నా తప్ప. బతికే హక్కును తాళం వేసి పెట్టి, చెట్లను కాపాడమని జనానికి చెప్పిన రోజులవి.

ఎమర్జెన్సీ పోయాక, 1978 మేనకా గాంధీ తీర్పుతో 21వ అధికరణానికి ప్రాణమొచ్చింది. డెహ్రాడూన్ సున్నపురాయి గనుల కేసు, ఢిల్లీలో ఓలియం గ్యాస్ కేసు, ఆ తర్వాత మన దామోదర్ రావు. చివరికి 1991లో సుభాష్ కుమార్ వర్సెస్ స్టేట్ ఆఫ్ బిహార్. కాలుష్యం లేని నీళ్ళు, గాలి అనుభవించడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పిన కేసది. పాఠ్యపుస్తకాలన్నీ ఆ వాక్యాన్ని ఎత్తి రాస్తాయి. ఆ పిటిషన్ ఏమైందో మాత్రం రాయవు. కొట్టేశారు! బొగ్గు కడిగిన మడ్డిని బొకారో నదిలోకి వదులుతున్నారని ఆయన ఫిర్యాదు. కోర్టేమో, ఆ మడ్డి వ్యాపారంలో ఈయనకే సొంత లాభముంది, ఇది ప్రజా ప్రయోజనం కాదు అంది. పైగా ఖర్చుల కింద 5,000 రూపాయలు కట్టమంది. కోట్ల మందికి హక్కు దొరికిన కేసులో, అడిగినవాడికి దొరికింది జరిమానా.

దీన్ని జోకులా చెప్పుకుని వదిలేయొచ్చు. నాకు మాత్రం ఇక్కడే ఒక చిక్కు కనిపిస్తుంది. హక్కు ఇంత సులువుగా, ఎవరూ పెద్దగా అడగకుండానే తీర్పుల్లో దొరికేసరికి, దాన్ని రాజ్యాంగంలో రాయించాలన్న పోరాటమే పుట్టలేదు. ఎవరి చెరువు కోసం వాళ్ళు కొట్లాడారు. పటాన్‌చెరులో డాక్టర్ కిషన్ రావు లాంటివాళ్ళు నక్కవాగులో కలుస్తున్న ఫ్యాక్టరీ నీళ్ళ మీద ఏళ్ళ తరబడి తిరిగారు. ఆ కేసు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది, అక్కడి నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు. ట్రిబ్యునల్ తీర్పు వచ్చేసరికి 2017. హక్కును గుర్తించిన 1991 తీర్పు ఈ మధ్యలోనే, ఆ కేసు నడుస్తుండగానే వచ్చింది. నక్కవాగు ఒడ్డున పొలమున్న రైతుకు దానివల్ల ఏం తేడా వచ్చింది? నష్టపరిహారం కోసం మళ్ళీ కోర్టుల చుట్టూ తిరగడమేగా.

"రాజ్యాంగంలో రాస్తే మాత్రం ఏమవుతుంది?" అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గరున్న జవాబు చదువు.

విద్య కూడా మొదట తీర్పుల్లోనే హక్కయింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసు. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. అయితే జనం అక్కడితో ఊరుకోలేదు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ లాంటి సంస్థలు పనిలోంచి పిల్లల్ని తెచ్చి బడిలో కూర్చోబెడుతుంటే, దేశమంతా రాజ్యాంగ సవరణ కోసం ఒత్తిడి పెరిగింది. 2002లో 86వ సవరణ వచ్చింది, 21ఎ పుట్టింది. దాన్ని అమలు చేయడానికి 2009లో చట్టం రాక తప్పలేదు. బడికి ఇంత దూరం దాటకూడదు, ఇంతమంది పిల్లలకు ఒక టీచరుండాలి, ప్రైవేటు బళ్ళలో నాలుగో వంతు సీట్లు పేదలకివ్వాలి. ఆ చట్టం ఎంత నీరుగారిందో మనకు తెలుసు. కానీ ఒక తల్లి కాగితం పట్టుకుని అడగడానికి ఒక లెక్కంటూ ఉంది. గాలికి అలాంటి లెక్కేది?

దారి మూసుకుపోయిందేమీ కాదు. అదే 2002లో జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ రాజ్యాంగం పనితీరు మీద నివేదిక ఇస్తూ, 30-డి అనే కొత్త అధికరణం చేర్చమంది. మంచినీళ్ళ హక్కు, ఆరోగ్యానికి హాని చేయని పరిసరాల హక్కు, రాబోయే తరాల కోసం వాటిని కాపాడుకునే హక్కు. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగంలోని 24వ సెక్షన్ మాటలు అందులో వినిపిస్తాయి. ఆ కమిషన్‌లోనూ జీవన్ రెడ్డి గారు సభ్యులు. ఒకే ఏడాది, చదువు రాజ్యాంగంలోకి ఎక్కింది, గాలీ నీళ్ళూ నివేదికలోనే ఉండిపోయాయి. చదువు వెనక ఊరేగింపులున్నాయి. 30-డి కోసం ఎక్కడన్నా బ్యానర్ కట్టారేమోనని అప్పటి పాత పేపర్లు కొన్ని తిరగేశాను. నాకు ఒక్కటీ తగల్లేదు. కోర్టు ఇచ్చేసింది కదా, మళ్ళీ అడగడమెందుకు అనుకున్నామేమో.

కోర్టు ఇచ్చిందాన్ని కోర్టే ఎటైనా తిప్పగలదు. 2024 మార్చిలో బట్టమేక పిట్ట కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, వాతావరణ మార్పుల దుష్ఫలితాల నుంచి రక్షణ కూడా హక్కే అంది. పత్రికలు పండగ చేసుకున్నాయి. అదే తీర్పులో, ఆ పిట్టల కోసం కరెంటు తీగలను భూమిలో వేయాలన్న 2021 నాటి ఆదేశాన్ని సడలించింది. సోలార్ కరెంటు కావాలి కాబట్టి సడలింపు సబబే అనేవాళ్ళున్నారు, ఆ వాదనలో బలముంది. కానీ కొత్త హక్కు ప్రకటించిన రోజున బట్టమేకకు దక్కింది మాత్రం తగ్గింపే.

అంతర్జాతీయంగానూ ఇంతే. 2021 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఈ హక్కును గుర్తిస్తూ ఓటు వేస్తే, మన దేశం తటస్థంగా ఉండిపోయింది. మరుసటి జూలైలో సర్వసభ్య సభలో అవునన్న 161 దేశాల్లో మనదీ ఒకటి.

2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్‌డోజర్లు వెళ్ళినప్పుడు, హైదరాబాద్ యూనివర్సిటీ పిల్లలు లాఠీలు తిన్నారు, నెమళ్ళ వీడియోలు ఫోన్ల నిండా తిరిగాయి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు పనులు ఆపించింది. నేను ఆ రోజుల్లో దామోదర్ రావు తీర్పు మళ్ళీ తీసి చదివాను. కోర్టులో గట్టిగా నిలదీసింది చెట్లు కొట్టడానికి ముందస్తు అనుమతి తీసుకున్నారా లేదా అని. ఆ వకీలు పెన్సిల్ గీతలు గుర్తొచ్చాయి.